నవ్వే పిల్లి బొమ్మ

తుమ్మచెట్టు మీద కాపురముండే గోరింకకు తనంత పంతులు ఆ అడవిలోనే లేడని గట్టి నమ్మకం. పిచ్చుక పిల్లల కోసం మోదుగాకుల మీద ఒకటో తరగతి వాచకం రాసింది. అందులో మూడో పాఠం పిల్లి. పిల్లలు జడుసుకుంటారని పిల్లి మెడకు రిబ్బను కట్టి, మూతినిండా నవ్వు గీసింది.

"పిల్లికి ఆ నవ్వేమిటండీ?" అంది తల్లి పిచ్చుక.

"పిల్లల పుస్తకం ఎలా ఉండాలో నాకు చెప్పొచ్చావా?" అని గోరింక కసిరింది.

ఆ వారంలోనే, పాఠం జరుగుతుండగా పిల్లి నిజంగానే కొమ్మెక్కింది. "ఎగరండర్రా!" అని తల్లి పిచ్చుక అరిచింది. పిల్లలు పుస్తకాలు పడేసి తుర్రుమన్నాయి. గోరింక మాత్రం కదల్లేదు. వచ్చినదానికి రిబ్బను లేదు, నవ్వు అసలే లేదు. తన పుస్తకం ప్రకారం అది పిల్లి కానే కాదు.

"ఎవరండీ మీరు? ఏ ఊరు?" అని మర్యాదగా అడిగింది.

పంజా పడింది. ప్రాణం ఎలాగో దక్కింది గానీ, తోక పిల్లి నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడు గోరింక సిగ్గు చంపుకుని కొత్త ఆకు తీసింది. పిల్లికి రిబ్బను పీకేసి కోరలు పెట్టింది. పక్కనే తోకలేని గోరింకను గీసి, 'పిల్లలూ, ఈ పుస్తకం రాసిన పంతులు ఇదే' అని కింద రాసింది.

అందరికంటే చిన్న పిచ్చుక ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"పంతులుగారూ, పుస్తకం మొత్తంలో మీ బొమ్మొక్కటే ఉన్నదున్నట్టు వచ్చిందండీ."