మోత మిషన్

"చప్పుడే ఉండదండీ! పక్కన పసిపిల్లోడున్నా లేవడు." అమలాపురం షాపులో వీరబాబు కొత్త ఎయిర్ కంప్రెసర్‌ని తట్టి చూపించాడు.

ఇంటి షెడ్డులో తలుపులకి స్ప్రే పెయింట్ వేసే జోజి పొంగిపోయాడు. "పాతదాని మోతకి చెవులు పోయేయండీ. ఇదే ఇచ్చేయండి."

"వద్దండీ. బాగా మోగేదే ఇవ్వండి," అంది భార్య జయమ్మ.

"బ్యాండుమేళం మాట్లాడుకోడానికొచ్చావా? మిషన్ల సంగతి నీకేం తెలుసు?"

"ఆయ్, నాకేం తెలుసు! మొన్న షెడ్డులో కళ్ళు తిరిగి పడ్డప్పుడు, అన్నీ తెలిసిన మీ బుర్రే లేపిందా మిమ్మల్ని? మీరు స్ప్రే కొడుతుంటేనే కదా అది ఆగి ఆగి మోగేది! ఆగిన మోత ఎంతకీ మళ్ళీ వినపడలేదని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నేను లేపేను."



"వీరబాబుగారూ," జోజి గొంతు తగ్గించాడు. "వంటింటిదాకా వినపడేదేదో చూడండి."