పీచు ముద్దలు

"ఎవడ్రా అది? పీచు ఎత్తుకుపోతున్నాడు, పట్టుకోండి!"

మేస్త్రీ కేకకి పనివాళ్ళంతా అటు తిరిగారు.

మట్టిగట్టు పక్కన, బస్తాల దగ్గర ఒక నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ప్లాస్టిక్ పీచు.

"ఎత్తుకుపోవట్లేదండీ. ముద్దలు విడదీస్తున్నా."

"నీకెవడు చెప్పాడు?"

"మీ ఇంజనీరుగారే. పని మొదలెట్టిన రోజు మీ అందరికీ చెబుతుంటే రోడ్డు మీద నిలబడి విన్నా. బంకమట్టిలో సున్నం, పీచు కలిపితేనే గట్టు నిలుస్తుందట. పీచు ముద్దలుగా పడితే మట్టిని పట్టుకోదట."

నిజమే, చెప్పాడు. కానీ ఈలోగా ప్రారంభోత్సవం ముందుకు జరిగింది. పెద్దలకి తీరిక దొరికిన రోజు దాటిపోకూడదు కదా! గట్టు కింద సంసారాలు ఏమైపోతే ఎవరిక్కావాలి? పీచు ముద్దలు ముద్దలుగానే మట్టిలోకి పోతోంది.

అంతలో ఇంజనీరు వచ్చాడు.

"సార్, ఇలా వేస్తే వానకి ఆగదు. కింద వీధిలో పిల్లలున్నారు."

"నాకే పాఠాలు చెప్తావా? గెంటెయ్యండి వీణ్ణి!"

గెంటేశారు. ఆ పెనుగులాటలో ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. అడిగితే అదీ ఇవ్వలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ గెంటేశారు. పిచ్చి ముదిరిందని నవ్వుకున్నారు. నవ్వే నోళ్ళకి సిగ్గుండాలి!

పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించారు. ఫొటోలు దిగారు. వెళ్ళిపోయారు.

ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పట్టుకుంది. గట్టు మీద చీలిక కనబడగానే ఆ మనిషి కింది వీధిలోకి పరుగెత్తాడు. ప్రతి తలుపూ బాదాడు. కదలనన్నవాళ్ళని రెక్క పట్టుకుని లాగాడు. మంచాన పడ్డ ముసలమ్మని భుజాన వేసుకుని వీధి చివర దించాడు. ఇంకెవరైనా మిగిలారేమోనని వెనక్కి వెళ్ళాడు.

గట్టు విరిగిపడింది.

వీధిలోవాళ్ళంతా బతికారు. మట్టి తవ్వితే ఆయనొక్కడే దొరికాడు.

విరిగిన మట్టిలో పీచు ముద్దలు, బస్తాలోంచి ఎలా పడ్డాయో అలాగే ఉన్నాయి. ఇంజనీరు వాటివైపు చూడలేకపోయాడు.

"ఈయనది ఏ ఇల్లు? ఇంట్లోవాళ్ళకి కబురు చేశారా?" అని అడిగాడు.

ముసలమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇల్లెక్కడిది బాబూ? కిందటేడు ఇక్కడి పాత గట్టు విరిగిపడి ఆయన పెళ్ళాంబిడ్డల్ని మింగేసింది. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, మీ చేత ఈ గట్టు కట్టించింది ఆయనే."