ఎవరి పిల్లయినా

ఓడల్లో వచ్చే టూరిస్టులంటే స్వావాకు రోత. బస్సుల్లో దిగేవాళ్ళంటే ఇంకా రోత.

రేక్యావిక్ పెద్ద బజారు వెనక సందులో ముప్పై ఏళ్ళుగా ఆమెకు కాఫీ హోటలుంది. ఒకప్పుడు ఊళ్ళోవాళ్ళే వచ్చేవారు. ఇప్పుడు తలుపు తీస్తే చాలు, తడి బూట్లతో మంద దిగబడుతుంది. ఒక్క కాఫీ చెప్పి నలుగురు కూర్చుంటారు. నిన్న ఒకడు గాజు బీరువాలోకి చెయ్యి దూర్చి, మెత్తగా ఉన్నాయో లేదోనని నూనెలో వేయించిన తీపి క్లైనాలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. ఆ పళ్ళెం మొత్తం తీసుకెళ్ళి చెత్తబుట్టలో పోసింది స్వావా.

"అక్కా, వాళ్ళు రాకపోతే నీ కొట్టుకి తాళమే," అన్నాడు లోపల పిండి కలుపుతున్న తమ్ముడు గిస్లీ.

"తాళం వేసుకునైనా ప్రశాంతంగా బతుకుతా. నువ్వు పిండి సంగతి చూడు."

అలా చిరాకు మీద ఉండగా ఆ అమ్మాయి వచ్చింది. ఇరవై దాటి ఉండవు. వానకు జుట్టు మొహానికి అతుక్కుపోయింది. కుడిచేతికి ఎర్రటి ఉన్ని గ్లౌజు, దానిమీద పఫిన్ పిట్ట బొమ్మ. ఎడమచేతికి ఏమీ లేదు.

ఆ పిట్టను చూడగానే స్వావా మొహం ముడుచుకుంది. పెద్ద బజారు నిండా ఆ బొమ్మలమ్మే దుకాణాలే. ఊళ్ళోవాళ్ళు చచ్చినా తొడుక్కోరు. కొని పూటైనా అయిందో లేదో, అప్పుడే ఒకటి పారేసుకుంది కాబోలు.

దగ్గరికొస్తే పుల్లగా వాసన కూడా కొట్టింది, విరిగిన పాల వాసన. వీధికో వేణ్ణీళ్ళ కొలను ఉన్న ఊరికొచ్చి ఈ కంపేమిటని ముక్కు చిట్లించి, కాఫీ కప్పు ఠక్కున ముందు పెట్టింది.

అమ్మాయి కాఫీ తాగలేదు. కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తోంది. బయట చూరు కింద పిల్లల బండ్లు వరసగా ఉన్నాయి. లోపల తల్లులు కబుర్లలో ఉన్నారు.

"బయట పసిపిల్లలున్నారు," అంది అమ్మాయి, వచ్చీరాని ఇంగ్లీషులో.

"ఉంటారు."

"చలి కదా."

స్వావాకు ఒళ్ళు మండింది. ఈ ప్రశ్న వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. పోయిన నెల ఒకావిడ ఏకంగా పోలీసులకే ఫోన్ చేసింది.

"చలిగాలి తగిలితేనే మా పిల్లలకి నిద్ర. నేనూ అలాగే పెరిగాను. చచ్చిపోయానా?"

"ఎవరైనా ఎత్తుకుపోతే?"

"ఎత్తుకుపోయి ఎక్కడ దాస్తాడమ్మా? ఊళ్ళో సగంమంది సగంమందికి చుట్టాలు."

అంతలో బయట ఒక పిల్ల ఏడ్చింది. అమ్మాయి సగం లేచి, మళ్ళీ కూలబడి, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "బయట ఎవరో లేచారు," అని స్వావా తల్లుల వైపు కేకేసింది. రోజూ వచ్చే సోల్‌రూన్ వెళ్ళి, చివరి బండిని కాసేపు ఊపి, దుప్పటి సర్ది వచ్చింది. ఏడుపు ఆగింది.

"అది ఆవిడ పిల్లేనా?"

"ఏమో. ఎవరి పిల్లయితేనేం, ఊపింది కదా."

"వాళ్ళమ్మ రాకపోతే?"

"నేను వెళ్తా. నేను కాకపోతే ఇంకొకరు. మీ ఊళ్ళలాగా కాదు. ఇక్కడ పిల్ల ఏడుస్తుంటే ఎవ్వరూ చూస్తూ ఊరుకోరు."

"ఎవరి పిల్లయినానా?"

"చెవుడా నీకు? ఎవరి పిల్లయినా."

అప్పుడు చూసింది స్వావా. అమ్మాయి చొక్కా ముందంతా తడిసి మరకలు. కాఫీ ఒలకబోసుకున్నట్టుంది. ఛీ, తాగడం కూడా చేతకాదు వీళ్ళకి. కాగితం రుమాళ్ళు నాలుగు విసురుగా ముందు పడేసి, "తుడుచుకో," అంది.

అమ్మాయి తుడుచుకోలేదు. కాఫీకి డబ్బులు పెట్టి లేచింది. "మీ ఊరు చాలా మంచిది," అంది. టూరిస్టులందరూ అనే మాటే.

కాసేపటికి కిటికీలోంచి చూస్తే ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉంది. ఒక బండి మీదకి వంగి, లోపలికి చెయ్యి పెట్టింది. స్వావా విసవిసా బయటికి నడిచింది.

"ఫోటోలు తీశావంటే మర్యాద దక్కదు. మా పిల్లలేమన్నా జంతుప్రదర్శనా? తియ్యి చెయ్యి."

అమ్మాయి బెదిరిపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఏదో చెప్పబోయింది.

"వెళ్ళు ముందు."

వెళ్ళింది. సందు మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది. సిగ్గులేకుండా ఇంకా చూపులేమిటని, ఆమె కనుమరుగయ్యేదాకా స్వావా నడుం మీద చేతులేసుకుని వానలోనే నిలబడింది.

ఆరు కొట్టేసరికి తల్లులు ఒక్కొక్కరే బండ్లు తోసుకుంటూ వెళ్ళిపోయారు. స్వావా కుర్చీలు బల్లల మీదికెత్తుతోంది.

"అక్కా, బయట ఒక బండి ఉండిపోయింది," అన్నాడు గిస్లీ.

"ఏ మతిమరుపు తల్లో. మరుగుదొడ్లో ఉందేమో చూడు."

మరుగుదొడ్డి ఖాళీ. సోల్‌రూన్‌కి ఫోన్ చేస్తే తనది ఇంట్లోనే ఉందంది, మిగతావాళ్ళూ తమతమ పిల్లలతో ఇళ్ళకు చేరారంది. బయట పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది.

స్వావా వెళ్ళి బండి మీద గుడ్డ తొలగించింది. రెండు నెలలు కూడా ఉండవు. ఎత్తుకుందామని దుప్పటి తీసింది.

పిల్ల రెండు పాదాలకూ కలిపి ఒకే ఎర్ర ఉన్ని గ్లౌజు తొడిగి ఉంది, దానిమీద పఫిన్ పిట్ట.