తొమ్మిదో నంబరు జాగా

మొదటి కాన్పు త్వరగా, సుఖంగా అయితే రెండోది అంతకంటే సుఖంగా అవుతుందని చాలామంది నమ్మకం.

బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేసే గుమాస్తాకు ఈ విషయంలో ఏ సందేహమూ లేదు. పెద్దపిల్ల పుట్టడానికి పట్టింది మొత్తం రెండున్నర గంటలు. నిరూపణకు ఒక్క ఉదాహరణ చాలునని అతడి అభిప్రాయం.

భార్యకు ఇప్పుడు ఎనిమిదో నెల. పిల్లకు రెండేళ్ళు. ఇంకో బిడ్డ వచ్చాక గడప దాటడం కుదరదని, ఈలోగా క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకుని ఆరు రోజులు తిరిగి రావాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. మంచం, పొయ్యి, చిన్న సింకు అన్నీ వ్యానులోనే.

ప్రణాళిక మాత్రం అతడిదే. వంటగది బల్ల మీద పరిచిన కాగితంలో పిల్ల నిద్ర, పిల్ల పాలు, భార్య దిగి కాళ్ళు సాగదీసుకునే వేళలు పావుగంటల గళ్ళలో ఒదిగి కూర్చున్నాయి.

"మీ డిపో బస్సులు కూడా ఇంత టైముకి నడిస్తే బాగుండును," అంది భార్య.

"బస్సుల్లో జనం ఎక్కుతారు. వాళ్ళే పాడుచేస్తారు," అన్నాడు గుమాస్తా.

మిగిలింది ఒక్క గడి. మూడో రోజు మకాం, చెరువు ఒడ్డున వ్యాన్లు నిలుపుకునే విడిదిలో. అక్కడ తొమ్మిదో నంబరు జాగా నేరుగా నీళ్ళకు ఎదురుగా ఉంటుంది. భార్య మనసంతా దాని మీదే ఉంది.

అతడు ఫోను చేశాడు. ఎత్తింది ఒక పెద్దావిడ.

"తొమ్మిదో నంబరు కావాలండీ."

"ఎవరెవరొస్తున్నారు బాబూ?"

"నేను, మా ఆవిడ, రెండేళ్ళ పాప."

"పసిదాన్ని పెట్టుకుని నీళ్ళ పక్కనా? ఒకటో నంబరు తీసుకోండి."

"అది ఆఫీసు వెనక, జనరేటరు పక్కన. ఫొటోలు చూశాను లెండి. తాడుతో కంచె కట్టుకుంటాం. మా ఆవిడ ఒట్టి మనిషి కూడా కాదు, చెరువు చూడాలని ముచ్చటపడుతోంది."



"ఎన్నో నెల?"

"ఎనిమిది పడింది."

"మొదటి కాన్పుకి ఎంతసేపు పట్టింది?"

గుమాస్తా చేతిలోని ఫోను వంక ఒకసారి చూశాడు.

"రెండున్నర గంటలు. అయినా మీకెందుకండీ ఇవన్నీ?"

"బిడ్డ తల కిందికి తిరిగిందన్నారా?"

"ఏమ్మా, జాగా ఇవ్వడానికి కూర్చున్నారా, ఆరాలు తీయడానికి కూర్చున్నారా?"

"ఇస్తే ఒకటో నంబరే ఇస్తాను. నా గది పక్కనే. అసలు రాకుండా ఉంటే ఇంకా మంచిది."

ఆవిడే ఫోను పెట్టేసింది.

స్పీకరులో అంతా విన్న భార్య ముఖం కందగడ్డయింది.

"నా కడుపులో బిడ్డ ఎటు తిరిగిందో ఈవిడకి చెప్పుకోవాలా? మా అత్తగారే అడగలేదు!"

"ఎవరికీ అక్కర్లేని జాగా మనకి అంటగడుతోంది. చూస్తూ ఉండు, ఏం చేస్తానో."

విడిది యజమానికి అతడు ఉత్తరం రాశాడు. తేదీ, వేళ వేసి, అంశాలు మూడుగా విడదీశాడు: సొంత విషయాలు అడగడం, గర్భిణిని భయపెట్టడం, కోరిన జాగా నిరాకరించడం. ఇటువంటి మనిషిని ఫోను దగ్గర ఉంచితే పదిమందికీ చెప్పవలసివస్తుందని చివర మర్యాదగా చేర్చాడు.

రెండు రోజుల్లో యజమానే ఫోను చేశాడు.

"క్షమించాలి సార్. ఇంతకుముందు కూడా ఆవిడ ఒకరిద్దరితో ఇలాగే మాట్లాడింది. తీసేశాం. తొమ్మిదో నంబరు మీదే."

"ఊడిందా?" అంది భార్య.

"ఊడింది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా పిల్ల కూడా చప్పట్లు కొట్టింది.

మూడు రోజులు ప్రయాణం పావుగంట కూడా తప్పలేదు. చెరువు ఫొటోల్లో కంటే అందంగా ఉంది. తాడు కంచె లోపల పిల్ల హాయిగా ఆడుకుంది.

నాలుగో రోజు ఉదయం, తొమ్మిది దాటాక, భార్య మంచం అంచు పట్టుకుని ఆగిపోయింది.

"ఏమండీ, ఉమ్మనీరు పోయింది."

"ఇప్పుడేంటి? ఇంకా నెలన్నర ఉందిగా!"

"ఆ మాట నాకు కాదు, బిడ్డకి చెప్పండి!"

ఒడ్డున ఫోనుకు సిగ్నల్ అందలేదు. పిల్లను చంకనెత్తుకుని గుమాస్తా ఆఫీసు దాకా పరుగెత్తాడు. యజమాని అంబులెన్సుకు కబురు చేశాడు.

"గంటంపావు పడుతుందట సార్."

"కాన్పు చేయడం తెలిసినవాళ్ళు ఇక్కడెవరైనా ఉన్నారా?"

"ఇక్కడున్నదే నేనూ, తోటమాలీ. అంతే సార్."

పిల్లను తోటమాలికి అప్పగించి ఇద్దరూ వెనక్కి పరుగెత్తారు. అప్పటికే బిడ్డ కాళ్ళు బయటికి వచ్చాయి. తల రాలేదు.

లాగాలో వద్దో తెలియక ఇద్దరూ చేతులు చాచారు. వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ చాచారు.

"ఏదో ఒకటి చెయ్యండీ!" అని భార్య అరుస్తూనే ఉంది.

అంబులెన్సు చెప్పిన వేళకే వచ్చింది. నర్సు తల్లికి సెలైను పెట్టింది. బిడ్డను తెల్లగుడ్డలో చుట్టింది. తర్వాత వ్యాను మెట్టు మీద కూర్చుని కాగితం నింపింది: మగబిడ్డ, సుమారు రెండు కిలోలు, పురిట్లో మరణం.

రాయడం అయ్యాక తలెత్తింది.

"ఆవిడ ఊళ్ళో లేరా?"

"ఎవరండీ?" అన్నాడు యజమాని.

"మీ ఫోన్లు చూసే పెద్దావిడ. ఒకటో నంబరు పక్క గదిలో ఉంటారుగా."

"తీసేశామండీ. పది రోజులైంది. ఏం?"

నర్సు కలానికి మూత పెట్టింది.

"ముప్పై రెండేళ్ళు మా ఆసుపత్రి పురిటి వార్డుకు హెడ్ నర్సు ఆవిడ, కాళ్ళతో వచ్చే బిడ్డను ప్రాణాలతో ఎలా అందుకోవాలో మాకందరికీ నేర్పింది ఆవిడే."