క్యాను నీళ్లు

అద్దకం ఫ్యాక్టరీ మురుగుకాలువలో పెట్టిన సెన్సారును తనిఖీ చేయడానికి కాలుష్య నియంత్రణ మండలి తరఫున సత్యవేడు వెళ్లాను. అది నీటిమీద అతినీలలోహిత కాంతి వేస్తుంది. నీటిలో రసాయనాలుంటే అవి వెలుగుతాయి, తెరమీద గీత లేస్తుంది. ఇక్కడ ఆ గీత ఎన్నడూ లేవలేదు.

ఆపరేటర్ ధనంజయ మూత తీశాడు. సెన్సారు కాలువలో లేదు, బకెట్లో తేటనీళ్లలో మునిగి ఉంది. పక్కనే ఊదారంగు నురగ కంపు కొడుతూ పారుతోంది.

"ఏమప్పా ఇది?"

"కాలవలో పెడితే గీత లేస్తాది గదా సార్!" ధనంజయ నవ్వాడు. "అందుకే క్యాను నీళ్లు పోస్తా ఉండాం. మేం తాగేదీ అవే. తాగండి." గ్లాసు నింపి ఇవ్వబోయాడు.

"మరి ఊళ్లోవాళ్లు?"

"కాలవ పక్కన బోరు ఉండాది. వాళ్లకు అలవాటే సార్."

గ్లాసు అందుకోలేదు. సెన్సారును తీసి కాలువలో ముంచాను. గీత తెర పైఅంచును తాకింది.

"ఈ ఊరి బళ్లో పనిచేసిన కృపామణి టీచర్ నా భార్య," అన్నాను. "ఆ బోరు నీళ్లే తాగింది. పోయిన నెల కిడ్నీలు పాడై చనిపోయింది."

ధనంజయ నవ్వు ఆగిపోయింది. "మా పాపకు ఆయమ్మే సార్ చదువు చెప్పినాది."

"పాప బళ్లో ఏ నీళ్లు తాగుతాదప్పా?"