దేవదూత చేతుల్లోని బట్టలు

బడిలో అయినా, శుక్రవారం ప్రార్థనకు వచ్చే పిల్లలకైనా ముందు బొమ్మ చూపించి, తర్వాత కథ చెప్పడం నా పద్ధతి. అందుకే చీకటి పడ్డాక, ఈ గల్ఫ్ దేశపు నువైద్రాత్ ఊళ్ళో మా సంఘం అద్దెకు తీసుకున్న హాల్లో యోనా బొమ్మ తగిలించాను. పాత పారశీక గ్రంథంలోని చిత్రానికి నకలు అది. చేప నోట్లోంచి బయటపడిన యోనా ఒంటిమీద నూలుపోగు లేదు. ఒక దేవదూత రెండు చేతులా బట్టలు అందిస్తున్నాడు.

"మన బైబిల్లో ఈ దూత లేడు కదా వదినా?" అన్నాడు మరిది విక్టర్.

"పారశీకుల కథలో ఉన్నాడు."

"చేప కడుపులో మూడ్రోజులకే బట్టలన్నీ పోయాయంటే..." నవ్వబోయి ఆగిపోయాడు. "అన్నయ్య పడవ మునిగి నలభై రోజులైంది. మనిషి దొరకలేదని ఎన్నాళ్ళు ఇలా? రేపు, పోయాడనుకుని, ఆదరణ కూడిక పెట్టేద్దాం. ఊఁ అను, పాస్టరుగారికి చెప్పేస్తాను."

అతను కుర్చీల కోసం కిందికి వెళ్ళాడు. ఏసీ ఆగిపోయి హాలంతా నిశ్శబ్దమైంది.

బొమ్మ వంకరగా ఉందేమోనని చూశాను. దేవదూత చేతులు అలాగే చాచి ఉన్నాయి. వాటిలో బట్టలు లేవు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లేవు.

వేదిక తెర వెనక కొత్త బట్ట మడత విప్పిన చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు.

విక్టర్ తిరిగొచ్చాడు. "ఏం చెప్పమంటావు వదినా?"

"కూడిక వద్దు. కాస్త ఆగుదాం" అన్నాను, తెర వైపు చూస్తూ.

మా ఆయనకు చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎప్పుడూ ఆలస్యమే.