దిమ్మలు కట్టిన మనిషి

శంకరప్ప చేను గట్టున బండి ఆపిన మొగులప్ప అక్కడే నిలబడిపోయాడు.

చేను కంచెకు తను పాతిన సిమెంటు కడీల మొదట్లో ఎవరో కొత్తగా కాంక్రీటు పోశారు.

ఒక్కో కడీ చుట్టూ జానెడు ఎత్తున గుండ్రటి దిమ్మ. వాన నీళ్లు నిలవకుండా అన్ని వైపులా వాలు. పైన నున్నగా తీర్చిన తీరు చూస్తే ఎవరైనా ఒకసారి నిమిరి చూడాలనుకుంటారు.

"ఎవరు కట్టిన్రు పటేలా?" చేలో ఉన్న శంకరప్పను అడిగాడు.

"శివరాజ్ అంట. కంగ్టి దిక్కాయన. వానలకు నేల నానుతది, ఇంకింత మాలు పోస్తే గట్టిగ నిలుస్తయన్నడు. సిమెంటు, కంకర తెప్పిస్తే సాలన్నడు. కూలి సుత వద్దన్నడు" అన్నాడు శంకరప్ప.

"కూలి లేకుంట ఎవడన్న చేస్తడా?"

"గదే నాకూ సమజైతలేదు. పని మాత్రం చూడు, ఎంత సాపుగుందో."

మొగులప్ప చూడలేదు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

నారాయణఖేడ్ చుట్టుపక్కల కంచె పనంటే మొగులప్పే. ఇప్పుడు మనూర్ వెళ్లినా, సిర్గాపూర్ వెళ్లినా శివరాజ్ మాటే. ఎక్కడ చూసినా పాతిన కడీలు తనవి, మెప్పు వాడిది.

ఆఖరికి ఇంట్లో భార్య భీమమ్మ కూడా అంది. "నేనూ చూసిన. మంచి చెయ్యి."

కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచాడు.

నల్లరేగడిలో మోకాలి లోతున తవ్వి, కాస్త కాంక్రీటు మాలు పోసి, మన్ను కప్పేయడం తన పద్ధతి. గుంటలో ఎంత పోశామో పైకి ఎవరికి కనిపిస్తుంది? ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఈ దిమ్మలొచ్చి అందరి కళ్లనూ కడీల మొదళ్ల మీదికి తిప్పాయి.

మర్నాడు శంకరప్ప చేనుకే వెళ్లాడు. బక్కపలచటి మనిషి గొంతుక్కూర్చుని, తడి మాలు మీద తాపీ తిప్పుతున్నాడు.

"ఎవరు పిలిచిన్రు నిన్ను?" అన్నాడు మొగులప్ప.

"ఎవ్వరు పిలవలేదన్నా. నేనే వచ్చిన."

"నా కడీలే దొరికినయా నీకు?"

శివరాజ్ తలెత్తాడు. మళ్లీ తాపీ తిప్పసాగాడు.

"నా పేరు ఖరాబ్ చేసి నా గిరాకి గుంజుకుందామని చూస్తున్నవ్."

"నీ పని బాగలేదని నేనెవ్వరితోని అనలేదన్నా."

అది నిజమే. నిజమని తెలిసేసరికి మొగులప్పకు ఇంకా ఒళ్లు మండింది.

తిన్నగా శంకరప్ప దగ్గరికి వెళ్లాడు. "పటేలా, బోరు మోటర్లు పోతున్నయి కంగ్టి దిక్కు. కూలి లేకుంట పనిచేసేటోడు పగలంత ఏమేం చూసుకొని పోతుండో, జర ఆలోచించు."

శంకరప్ప ముఖం మారింది.

ఆ సాయంత్రమే శివరాజ్‌ను ఇక రావద్దన్నాడు. శివరాజ్ తాపీ కడుక్కుని, "బాట పక్క కడీలు మిగిలినయి పటేలా. అవి జల్దీ పోయించున్రి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ పూట మొగులప్ప రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తర్వాత ముసురు పట్టింది. బాట పక్క కడీలు ముళ్లతీగతో సహా నేలకొరిగాయి. దిమ్మలు కట్టినవి మాత్రం కదలలేదు.

"నీ మాట విని మంచిమనిషిని ఎల్లగొట్టిన" అన్నాడు శంకరప్ప. "నువ్వే పోయి తోల్కరా."

మొగులప్ప ఇల్లు ఎక్కడని అడుగుతూ కంగ్టి దాటి వెళ్లాడు. వాకిట్లో ఒకామె పెసలు చెరుగుతోంది. శివరాజ్ భార్య మల్లీశ్వరి.

"శివరాజ్ మేస్త్రీ ఉన్నడా అమ్మా?"

"మేస్త్రీనా?" ఆమె చాట దించింది. "ఆయన చేన్ల కూలికి పోయేటోడన్నా. కడీల కోసమని పోయినేడు పట్నంల కాంక్రీటు పని నేర్సుకున్నడు. ఇప్పుడు దొంగ అన్నరంట. మళ్ల పట్నం పోయిండు. ఇగ ఇటు రానన్నడు."

మొగులప్ప తల దించుకున్నాడు.

"నువ్వెవరన్నా?"

"మొగులప్పను. ఖేడ్ల కడీలు పాతుత."

ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగేదాకా ఆగింది.

"మా ఇంటి ముంగట చేనుకు నువ్వు పాతిన కడీ ముందటేటి వానకు ఒరిగి మా బిడ్డ రోజ మీద పడ్డదన్నా. బతకలేదు."

"నాకెవ్వరు చెప్పలేదమ్మా." మొగులప్ప చెంబు కింద పెట్టాడు.

"ఆయనే చెప్పనియ్యలేదన్నా, తెలిస్తే నువ్వు తట్టుకోవని. ఇంకొకరి బిడ్డ మీద పడకుంట నీ కడీలన్ని తనే ఎతుక్కుంట తిరిగిండు."